తార్తు నుంచి అమ్మానాన్నలతో పాత మొయిస్‌లు చూడాలంటే ఏవి చూడాలి?

వెన్నెలబాట:
నేను ఎస్టోనియాలోని తార్తులో చదువుకుంటున్నాను. జూన్ మూడో వారంలో అమ్మా నాన్నా వస్తున్నారు, పది రోజులుంటారు. నాన్న భవనాల శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఏ పాత కట్టడం దగ్గరికి తీసుకెళ్లినా ముందు గోడను వేలి కణుపులతో తట్టి చూస్తారు, ఆ తరువాతే తల పైకెత్తుతారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. మెట్లు కనిపిస్తే చాలు, ‘మీరు వెళ్లి రండి, నేనిక్కడ కూర్చుంటాను’ అంటుంది.

ఇక్కడ మొయిస్‌లనే పాత జర్మన్ జమీందార్ల బంగళాలు వందల్లో ఉన్నాయి కదా. ఫోటోల్లో నాకు అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి: తెల్ల స్తంభాలు, ముందు పచ్చిక, వెనక చెరువు. రోజుకు మూడు చొప్పున పట్టిక వేసుకున్నాను. కారు లేదు, రైళ్లూ బస్సులే. పట్టికలో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి? చూసినవారు చెప్పండి.

ఉత్తరగాలి:
ముందు ఆ పట్టిక చింపేయండి. రోజుకు మూడంటే, మూడో దాని దగ్గరికి వచ్చేసరికి మీ నాన్నగారికి గోడ తట్టే ఓపిక కూడా మిగలదు. నేను ఎనిమిదేళ్లుగా ఉత్తరానున్న రాక్వెరె పట్టణంలో ఉంటున్నాను. వచ్చిన చుట్టాలందరినీ తిప్పేది నేనే. పది రోజులకు రెండు మొయిస్‌లు చాలు: బాగుచేసి మ్యూజియంగా ఉంచినది ఒకటి, బడిగా మారినది ఒకటి.

మొదటిది పాల్మ్‌సె. 1677 నుంచి 1923 వరకు ఫన్ డెర్ పాలెన్ వంశం చేతిలో ఉంది. సోవియట్ కాలంలోనే మరమ్మతు చేసి 1986లో తెరిచారు. మీరు రైలులో తాపా దాకా వచ్చి, అక్కడ మారి రాక్వెరెకు రావాలి, ఇక్కడి నుంచి కౌంటీ బస్సు. బస్సులు రోజుకు కొన్నే, తిరుగు బస్సు చూసుకోకుండా బయలుదేరవద్దు. వచ్చిన మొదటి ఏడాది నేను నవంబరులో, అదీ సోమవారం నాడు, ఒక మొయిస్‌కు వెళ్లాను. తలుపుకు తాళం. నాలుగింటికే చీకటి పడిపోయింది, రోడ్డు పక్క కొయ్య షెడ్డులో రెండు గంటలు కాళ్లు నేలకేసి కొట్టుకుంటూ నిలుచున్నాను. జూన్‌లో ఆ బాధ లేదు లెండి, రాత్రి పదిన్నరకూ వెలుతురే.

పాల్మ్‌సెకు వచ్చినవాళ్లలో చాలామంది పెద్ద ఇల్లు చూసి, చెరువు ముందు ఫోటో దిగి వెళ్లిపోతారు. మొయిస్ అంటే ఆ ఒక్క ఇల్లే కాదండి. గాదెలు, గుర్రపుశాల, సారాయి బట్టీ, పనివాళ్ల ఇళ్లు, అన్నీ కలిపితేనే మొయిస్. ఈ ప్రాంతపు జమీందార్లకు డబ్బు తెచ్చిపెట్టింది చాలావరకు ఆ బట్టీలే. ధాన్యం, తరువాత బంగాళాదుంపలు సారాయిగా మారి అప్పటి రష్యా రాజధాని పీటర్స్‌బర్గ్ వైపు పోయేవి. రైతుల కట్టుబానిసత్వం 1816లో చట్టప్రకారం పోయింది గానీ భూమి దొర దగ్గరే ఉండిపోయింది. ఆ తెల్ల స్తంభాలను చూస్తే నాకు మొదట ముచ్చటేస్తుంది, వెంటనే ఆ లెక్క గుర్తొస్తుంది.

ఏ మొయిస్‌లోనైనా గది మూలనున్న పలకల పొయ్యిని నిదానంగా చూడండి. నేల నుంచి కప్పు దాకా నిగనిగలాడే పలకలు, మధ్యలో ఒక్క మచ్చ ఉండదు. కొన్ని ఇళ్లలో కట్టెలు వేసే ఇనుప తలుపు గదిలో కనబడదు. గోడ అవతల, ఇరుకు నడవలో ఉంటుంది. గదిలోకి వెచ్చదనం రావాలి, కట్టెలు మోసేవాడు మాత్రం కంట పడకూడదు. ఆ నడవలోకి వెళ్లనిస్తే తప్పకుండా వెళ్లండి.

ఇక బడి. 1905 డిసెంబరు తిరుగుబాటులో ఉత్తరాన వంద దాటి మొయిస్‌లు తగలబడ్డాయి. 1919 భూసంస్కరణతో మిగిలినవీ దొరల చేతి నుంచి జారిపోయాయి. అంతంత పెద్ద ఇళ్లను ఏంచేసుకోవాలి? చాలావాటిలో బడులు పెట్టారు. కొన్నింటిలో ఇప్పటికీ పిల్లలు చదువుకుంటున్నారు. మీకు దారిలోనే ఉన్నది కిల్త్సి, తార్తు–తాపా రైలు మార్గంలోనే ఆ పేరుతో స్టేషనుంది. అన్ని రైళ్లూ ఆగవు, చూసుకోండి. నౌకలో ప్రపంచాన్ని చుట్టివచ్చిన క్రుసెన్‌స్టెర్న్ చివరి రోజుల్లో అక్కడే ఉండి 1846లో చనిపోయాడు. ముందుగా ఫోన్ చేసి అడగకుండా వెళ్లవద్దు, అది బడి. నేను ఇంకో ఊళ్లో చూసిన బడిలో, నాట్యాలకని కట్టిన హాలులో పిల్లల వ్యాయామం జరుగుతోంది. పైన సున్నపు పువ్వులు, కింద బంతుల చప్పుడు. నాకు మ్యూజియంకన్నా అదే నచ్చింది.

పాతగోడలు:
ఉత్తరగాలి గారి మాట నిజమే కానీ, మోకాళ్ల నొప్పులున్న ఆవిడను రైలు మార్చి బస్సు ఎక్కించి పాల్మ్‌సె దాకా తీసుకెళ్లడం నాకు సమంజసంగా తోచడం లేదు. తార్తు నుంచి అలాత్స్‌కివి అనే మొయిస్‌కు నేరుగా బస్సుంది, సుమారు నలభై కిలోమీటర్లే. స్కాట్లండ్‌లోని బాల్మొరల్ కోటను చూసి వచ్చిన దొర అలాంటిదే కావాలని 1880ల్లో కట్టించుకున్నాడు. లోపల మెట్లు ఉన్నాయి గానీ, అమ్మగారు బయట ఉద్యానవనంలో కూర్చున్నా బాగానే ఉంటుంది.

మీ నాన్నగారికి మాత్రం ముందు తార్తులోనే టౌన్‌హాల్ మైదానం చివర వంగిన ఇల్లు చూపించండి. ఒక పక్క గోడ పాత నగర ప్రాకారం మీద నిలిచింది, రెండో పక్క కొయ్య గుంజల మీద. గుంజలున్న పక్క కుంగిపోయింది. భవనాల శాఖలో చేసినవారు దాని ముందు గంటసేపు కదలరు, పందెం.

ఇంకొకటి. జూన్ 23, 24 ఇక్కడ పండుగ సెలవులు. చాలా చోట్ల తలుపులు తీయరు, బస్సులూ మారతాయి. ఆ రెండు రోజులూ ప్రయాణం పెట్టుకోకండి.

ఉత్తరగాలి:
మోకాళ్ల సంగతి నేను మరిచాను, ఒప్పుకుంటున్నాను. అయితే అలాత్స్‌కివీ కిల్త్సీ పెట్టుకోండి, పాల్మ్‌సె వదిలేయండి. ఒక చిన్న మాట: చాలా చోట్ల చెప్పుల మీద ప్లాస్టిక్ తొడుగులు వేసుకోమంటారు. అవి వేసుకుని మైనం రుద్దిన చెక్క నేల మీద నడిస్తే జారుతుంది. అమ్మగారి చేయి పట్టుకోండి.

వెన్నెలబాట:
వెళ్లి వచ్చాం, మీ ఇద్దరికీ చాలా థాంక్స్. పట్టిక చింపేశాను.

వంగిన ఇంటి ముందు నాన్న గంట కాదు, గంటంపావు ఉన్నారు. కిల్త్సిలో ముందే ఫోన్ చేసినందుకు ఒకావిడ వచ్చి తలుపు తీసింది. నాన్న రెండు చోట్ల గోడ తట్టి, ‘ఇది ఒకేసారి కట్టిన ఇల్లు కాదు, ఈ పక్క చాలా పాతది’ అన్నారు. నేను అనువదించి చెప్తే ఆవిడ నవ్వింది. మధ్యయుగపు కోట శిథిలాల మీదే ఆ ఇల్లు లేపారట. ఆ తరువాత మాకు చూపించడం మానేసి, నాన్న వెంటే తిరిగింది.

అలాత్స్‌కివిలో అమ్మ లోపలికి రాలేదు. మేం బయటికి వచ్చేసరికి చెట్టు కింద కూర్చుని కిటికీలు లెక్కపెడుతోంది. ‘ఒక పక్కవే ఇన్నున్నాయి, ఇవన్నీ ఎవరు తుడిచేవారో’ అంది. బస్సు వచ్చేదాకా వాళ్లిద్దరూ దాని గురించే మాట్లాడుకున్నారు.