మనసులో మాట వాయిస్ ఓవర్ లేకుండా చూపించేదెలా?

1965 నాటి ‘డ్యూన్’ అనే ఇంగ్లిష్ సైన్స్ ఫిక్షన్ నవల మొదట్లో, ఒక ముసలమ్మ పెట్టే పరీక్షలో కుర్ర హీరో పాల్ ఆకుపచ్చ లోహపు పెట్టెలో చెయ్యి పెట్టి నొప్పి ఓర్చుకునే సీన్‌ని ఉన్నదున్నట్టు షార్ట్ ఫిల్మ్‌గా తీస్తున్నాం, రాజోలు దగ్గర ఒక మండువా ఇంట్లో. చిక్కేంటంటే చేతికి ఏమీ కాదు, మంటంతా కుర్రాడి బుర్రలోనే. 1984 సినిమాలోలా గుసగుసగా వాయిస్ ఓవర్ పెడితే, చూసినవాళ్లు డబ్బింగ్ తేడా కొట్టిందా అన్నారు. తీసేస్తే, కుర్రాడికి కడుపునొప్పా అని అడిగారు! పైపెదవి మీద చెమట క్లోజప్‌లో పట్టాం, కానీ మా కోనసీమ ఉక్కకి ఎదురుగా కూర్చున్న ముసలమ్మ పాత్రకీ అదే చెమట. 2021 సినిమాలో భయాన్ని అణచుకోడానికి చదివే మంత్రాన్ని తలుపు బయటున్న పాల్ తల్లితో చెప్పించారు, బాగుంది గానీ నవల్లో దాన్ని మనసులో తలుచుకునేది పాల్ కదా. వాయిస్ ఓవర్, కొత్త డైలాగ్ రెండూ లేకుండా, ఆ మంత్రం అతని ఆలోచనేనని సౌండ్‌తోనో ఎడిటింగ్‌తోనో తెలిసేలా చెయ్యాలంటే ఏం చెయ్యాలి?