నడుం నొప్పికి వీఆర్ హెడ్‌సెట్: వైద్యమా, వ్యాపారమా?

పద్మ_వైజాగ్: ఏళ్ల తరబడి నడుం నొప్పి. కళ్లకి వీఆర్ హెడ్‌సెట్ (చుట్టూ వేరే లోకం ఉన్నట్టు చూపించే కళ్లద్దాల పెట్టె) పెట్టుకుంటే తగ్గుతుందట, అమెరికా నుంచి తమ్ముడు పంపుతానంటున్నాడు. ఎవరైనా వాడారా?

శ్రీను_గుంటూరు: డబ్బు దండగండీ. ఆటబొమ్మ తగిలించుకుంటే నడుం బాగవుద్దా?

కిరణ్_ఫిజియో: ఆటబొమ్మ కాదు శ్రీను గారూ. దీర్ఘకాలిక నడుం నొప్పికి ఈజ్‌వీఆర్‌ఎక్స్ అనే వీఆర్ హెడ్‌సెట్ ప్రోగ్రామ్‌కి 2021 నవంబర్‌లో అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది, అదీ ప్రిస్క్రిప్షన్ మీదే. 8 వారాల ప్రోగ్రామ్, రోజూ కొన్ని నిమిషాలు, ఊపిరి తీసుకునే పద్ధతి, నొప్పి మీంచి ధ్యాస మళ్లించడం నేర్పిస్తుంది. 179 మంది మీద ట్రయల్ చేస్తే, ఇది వాడినవాళ్లలో 66 శాతం మంది నొప్పి 30 శాతం పైనే తగ్గిందన్నారు.

శ్రీను_గుంటూరు: మరి 41 శాతం సంగతి చెప్పరే? అదే ట్రయల్లో ఆ నేర్పించడాలేమీ లేకుండా ఉత్త 2డీ వీడియోలు చూసినోళ్లలో కూడా అంతమందికి తగ్గింది కదా.

రమ్య_హెచ్‌వైడీ: మెడ నొప్పి ఉన్నోళ్లకి ఆ బరువు పెడితే ఇంకా ఎక్కువవదా?

కిరణ్_ఫిజియో: అవ్వచ్చు రమ్య గారూ, ట్రయల్లోనే కొందరు హెడ్‌సెట్ ఇబ్బందిగా ఉందన్నారు, వికారం కూడా వచ్చింది. శ్రీను గారూ, 66కీ 41కీ తేడా చిన్నదా? నడుం నొప్పి ఉన్నోళ్లు వంగితే ఏమవుతుందోనన్న భయంతో కదలడం మానేస్తారు, దాంతో ఒంట్లో సత్తువ తగ్గి నొప్పి ఇంకా ముదురుతుంది. ఆ భయం తగ్గితేనే వ్యాయామం చేయగలరు. డబ్ల్యూహెచ్‌ఓ కూడా 2023లో నడుం నొప్పికి వ్యాయామం చేయించమంది, బెల్టులూ ట్రాక్షనూ (బరువులతో నడుం లాగించడం) వద్దంది.

శ్రీను_గుంటూరు: భయమా? మా ఆవిడకి ఫైబ్రోమయాల్జియా, అంటే ఒళ్లంతా విడవని నొప్పులు. రిపోర్టులన్నీ నార్మల్. ఒక పెద్దాసుపత్రిలో "అంతా మీ మనసులోనే ఉందమ్మా, ఎక్సర్‌సైజ్ చేసుకోండి" అని పంపేశారు. గిన్నెలు తోముతూ మధ్యలో గట్టు పట్టుకుని నిలబడిపోద్ది, వేళ్లు ముడవలేదు. ఆ డాక్టర్ మాట విన్న కాడ్నించి మా అమ్మ "పని ఎగ్గొట్టడానికే" అంటది. ఇప్పుడు మీరు భయం, ధ్యాస అంటే అదే మాట కదా?

వెంకీ: శ్రీనన్నా, మా అక్కదీ ఇదే కథ.

కిరణ్_ఫిజియో: అదే మాట కాదండీ. ఆవిడ నొప్పి నిజం. ఫైబ్రోమయాల్జియాలో నరాల వ్యవస్థే నొప్పిని పెంచేస్తుంది, అది స్కానింగులో కనపడదు. యూరప్ రుమటాలజీ (కీళ్లు, కండరాల జబ్బుల వైద్యం) వాళ్లు దీనికి గట్టిగా సిఫారసు చేసింది వ్యాయామం ఒక్కటే, కానీ చేసుకోమని చెప్పి పంపేస్తే ఎలా? కొంచెంతో మొదలుపెట్టించాలి, మర్నాడు నొప్పి పెరిగితే తగ్గించాలి.

శ్రీను_గుంటూరు: వ్యాయామం ఒప్పుకుంటా. డాక్టర్ల దగ్గరకి మాత్రం మళ్లీ తీసుకెళ్లను, ఆ మాట ఇంకోసారి పడలేదు తను.

కిరణ్_ఫిజియో: మంచి రుమటాలజిస్ట్‌కి చూపించండి. మీ అమ్మగారినీ వెంట తీసుకెళ్లండి, నొప్పి నిజమేనని అమ్మగారి ఎదురుగానే డాక్టర్‌తో చెప్పించండి.