తాతయ్య బొమ్మల పుస్తకాలకు చెద పట్టింది, ఎవరైనా దారి చెప్పండి

మాది శ్రీకాకుళం. మా తాతయ్య డ్రాయింగ్ మాస్టారు. ఆదివారం వస్తే సైకిల్ మీద కళింగపట్నమో, శాలిహుండం కొండో వెళ్లి నీటిరంగులతో ప్రకృతి దృశ్యాలు వేసేవారు. వాటిని తనే సూదీ దారంతో కుట్టి పుస్తకాలు చేసేవారు. ఒకటైతే విసనకర్రలా మడతలు మడతలుగా ఉంటుంది. విప్పితే మంచం పొడవు! ఎడమ చివర కొండల మధ్య సన్నటి వంశధార, కుడి చివర సముద్రంలో కలిసే చోటు. మధ్యలో ఏటిగట్టున ఒక్కటే తాటిచెట్టు, దాని కింద గొడుగు. ఆ గొడుగు తనదేనని నానమ్మ అంటుంది.

మొన్న ట్రంకుపెట్టె తెరిస్తే అడుగున చెద. కొన్ని పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. జిరాక్స్ షాపులో ఒకటి స్కాన్ చేయించబోతే గాజు మీద గట్టిగా నొక్కేశారు, మడత దగ్గర చిరిగింది. ఇంకెక్కడికీ తీసుకెళ్లే ధైర్యం లేదు. ఫ్రేములు కట్టేవాళ్లు లామినేషన్ చేయించేయమంటున్నారు. ఆ వేడికీ జిగురుకీ నీటిరంగులు ఏమవుతాయోనని టెన్షన్‌గా ఉంది, పైగా ఒకసారి చేస్తే మళ్లీ ఊడదు కదా.

అతుక్కున్న పేజీలు విడదీయొచ్చా, అలాగే వదిలేయాలా? ఫోన్‌తో ఫొటోలు తీస్తే సరిపోతుందా?

ఇంకో సంగతి. వ.పా.గారు, అదే వడ్డాది పాపయ్యగారు, 1921లో మా శ్రీకాకుళంలోనే పుట్టారు. చందమామ బొమ్మలతో ఆయన ఇంటింటికీ తెలుసు. తాతయ్య కూడా పుస్తకాలకు అట్టమీది బొమ్మలు వేశారట, కానీ ఇంట్లో ఒక్క కాపీ లేదు. మూలన చిన్న చేప బొమ్మే తాతయ్య సంతకం. పాత పుస్తకాలు దాచుకున్నవాళ్లు ఒకసారి అట్టల మూలలు చూసి చెప్తారా?