పొలంలో రాకెట్ ముక్క పడ్డది, పైసలు ఎవరిని అడగాలె?

చేవెళ్ల_పోరడు: పొద్దటి సంది తిరుగుతున్నం. ఠాణాకు పోతే తహసీల్దార్ దగ్గరికి పొమ్మన్నరు, ఆయన మళ్ల ఠాణాకే పొమ్మన్నడు. మా మేనమామ శనగ చేన్ల రాత్రి రాకెట్ ముక్క పడ్డది. ఎకరం పంట ఖరాబైంది. ఎవరిస్తరు పైసలు? జల్ది చెప్పండి.

రిటైర్డ్_మాష్టారు: నాసా వాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ గుర్తొచ్చింది బాబూ! 1979లో నెత్తిన పడుతుందని మా ఊళ్లో ఉన్న కోళ్లన్నీ కోసుకు తిన్నారు, అప్పు చేసి మరీ. అదేమో పోయి ఆస్ట్రేలియాలో పడింది. ఎస్పరెన్స్ ఊరివాళ్లు చెత్త వేశారని నాసాకు 400 డాలర్ల జరిమానా రాశారు.

నల్లకోటు: అంతరిక్ష వస్తువుల వల్ల జరిగే నష్టాలపై దేశాల మధ్య ఉన్న 1972 ఒప్పందం ప్రకారం నేల మీద నష్టం జరిగితే, తప్పున్నా లేకున్నా ప్రయోగించిన దేశమే కట్టాలి. 1978లో సోవియట్ ఉపగ్రహం కాస్మోస్ 954 అణు రియాక్టర్‌తో సహా కెనడాలో పడింది. సోవియట్ వాళ్లు చివరికి 30 లక్షల కెనడా డాలర్లు ఇచ్చారు, అడిగినదాంట్లో సగం.

గుంటూరు_మిర్చి: దేశమేంటండీ, రాకెట్ ప్రైవేటు కంపెనీదైతే?

నల్లకోటు: అయినా దేశమే. ఆ ఒప్పందం కింద మీ మామయ్య ఆ దేశాన్ని నేరుగా అడగలేరు. మన ప్రభుత్వం అడగాలి, అదీ ఏడాదిలోపు. మన రాకెట్టే అయితే మన పౌరులకు ఆ ఒప్పందం వర్తించదు, ఇక్కడి కోర్టే దిక్కు. ఇంతకీ ఎవరిది?

ఇంధనం_రావు: ట్యాంకైతే ముట్టుకోవద్దు. లోపల హైడ్రజీన్ ఇంధనం ఉండొచ్చు, అది విషం. ఫోటో పెట్టు.

చేవెళ్ల_పోరడు: సిగ్నల్ లేదు, ఫోటో పోతలేదు. తెల్ల డబ్బా, ఇంత పెద్ద గొడుగు బట్ట. అది పడి చేను పోలే అన్నా, చూడనీకొచ్చిన జనం తొక్కిండ్రు.

ఇంధనం_రావు: పారాషూటా? ముందే చెప్పొద్దా! రాకెట్ కాదు. పరిశోధన బెలూన్ పరికరం అయ్యుంటది. విప్పకు, లోపల కరెంటు ఉండొచ్చు. డబ్బా మీద చిరునామా చూడు.

నల్లకోటు: అయితే నేను చెప్పిందంతా వృథా. బెలూన్ అంతరిక్షం దాకా పోదు.

రిటైర్డ్_మాష్టారు: అంతరిక్షం 100 కిలోమీటర్ల నుంచి కదా?

నల్లకోటు: ఏ ఒప్పందంలోనూ ఆ గీత లేదు మాష్టారూ.

రిటైర్డ్_మాష్టారు: పాఠ్యపుస్తకంలో ఉంది!

చేవెళ్ల_పోరడు: నంబర్ ఉన్నది. ఫోన్ చేసినం, రేపొస్తరంట. థాంక్స్ అన్నా. మరి తొక్కినోళ్ల సంగతి?

రిటైర్డ్_మాష్టారు: లాయరు గారూ, ఆ 100 కిలోమీటర్లు ముందు తేల్చండి.