అమ్మకి నడుంలో స్క్రూలు వేయించాలా, వద్దా?

అమలాపురం రైతు:
అమ్మకి 69 ఏళ్లండి. వయసంతా వరి నాట్లు, కలుపులతోనే గడిచిపోయింది. ఇప్పుడు సంత దాకా నడిస్తే చాలు పిక్కలు పట్టేసి తిమ్మిర్లెక్కుతున్నాయి, ఎవరి అరుగు మీదో కాసేపు కూర్చుంటే మళ్లీ మామూలే. ఎమ్మారైలో నడుం కింద ఎల్4, ఎల్5 అనే రెండు పూసల దగ్గర నరాల దారి ఇరుకైపోయింది, పై పూస కాస్త ముందుకి జారింది అని వచ్చింది. కాకినాడలో డాక్టరు గారేమో స్క్రూలు, రాడ్లు వేసి రెండు పూసలూ కలిపేయాలన్నారు, రాజమండ్రిలో ఇంకొకాయన ఎముక కొంచెం తీసి నరానికి చోటిస్తే చాలన్నారు. ఎవరి మాట వినాలండి?

పాలకొల్లు అల్లుడు:
స్క్రూలే వేయించండి. మా మావయ్యగారికి మూడేళ్ల కిందట వేశారు, ఇప్పుడు కాలవ గట్టు మీద రోజూ నడుస్తున్నారు. ఉత్తినే ఎముక తీసి వదిలేస్తే ఆ పూస ఇంకా జారిందనుకోండి, మళ్లీ ఆపరేషనే, ఆ వయసులో రెండోసారి మత్తంటే ఎంత భయం.

భీమవరం ఫిజియో:
ఆ భయం ఉత్తిది కాదండి, 2016లో అమెరికాలో 66 మంది మీద చేసిన చిన్న స్టడీలో స్క్రూలు వేసినవాళ్లలో 14 శాతానికి, వేయనివాళ్లలో 34 శాతానికి మళ్లీ ఆపరేషన్ పడింది. కానీ అదే ఏడాది స్వీడన్ వాళ్లు 50 నుంచి 80 ఏళ్ల మధ్య ఉన్న 247 మందిని చూస్తే రెండేళ్లయ్యాక స్క్రూలు వేసినవాళ్ల పరిస్థితీ, వేయనివాళ్ల పరిస్థితీ ఒకటే, స్క్రూలు వేసినవాళ్లకి రక్తం ఎక్కువ పోయింది, ఆసుపత్రిలో ఎక్కువ రోజులున్నారు. 2021లో నార్వేలో అచ్చంగా పూస జారినవాళ్లనే 267 మందిని తీసుకున్నారు, అక్కడా నరానికి చోటివ్వడం ఒక్కటే సరిపోయింది. అందుకే నేను రాజమండ్రి డాక్టరు గారి వైపే. పైగా ఆడవాళ్లకి ఈ వయసులో ఎముక గుల్లబారుతుంది, గుల్లబారిన ఎముకలో స్క్రూ పట్టు నిలవక వదులైపోవచ్చు, కలిపేసిన పూసల పైనా కిందా ఉన్న వాటి మీద బరువు పెరుగుతుంది. ముందుకి వంగి ఒకటి, వెనక్కి వంగి ఒకటి ఎక్స్‌రే తీశారా? పూస బాగా కదులుతుంటే నేనూ స్క్రూలే అంటాను. ఎముక ఎంత గట్టిగా ఉందో చూసే డెక్సా పరీక్ష కూడా చేయించండి.

అమలాపురం రైతు:
అవేవీ తీయలేదండి, పడుకోబెట్టి ఎమ్మారై తీశారంతే. ఒకటి అడగాలి, చేలో వంగి కలుపు తీస్తే నొప్పి లేదంటది, నిటారుగా నిలబడితేనే అంటది, అదెలా?

భీమవరం ఫిజియో:
వంగినప్పుడు ఆ దారి కొంచెం తెరుచుకుంటుందండి, అందుకే. ఉచ్చ పట్టు తప్పినా, కూర్చుంటే పీటకి ఆనే ఒంటి భాగం మొద్దుబారినా మాత్రం ఈ చర్చ వదిలేసి అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లిపోండి.

అమలాపురం రైతు:
సోమవారం ఎక్స్‌రే తీయించి ఇక్కడే చెప్తానండి.