నాన్నకు మార్ఫిన్ రాశారు: ఇంట్లో నొప్పిని మీరెలా చూసుకున్నారు?

మునుగోడు చిన్నకొడుకు:
మా నాన్నగారికి 72 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్ వెన్నెముకకు పాకింది. ట్రమడాల్ అనే నొప్పి మందు పనిచేయకపోవడంతో, అంతకన్నా బలమైన మార్ఫిన్ 10 మిల్లీగ్రాముల బిళ్ల 4 గంటలకొకటి వేయమని రాసిచ్చారు. అమ్మ మాత్రం, ఇప్పుడే ఇంత పెద్ద మందు వాడితే చివరి రోజుల్లో ఏదీ పనిచేయదన్న భయంతో, ఆయన మూలిగినప్పుడే ఇస్తోంది. మాది ఫ్లోరైడ్ నీళ్ల ఊరు. నడుము పట్టేయడం, మెడ తిరగకపోవడం ఇరవై ఏళ్లుగా ఉన్నవే కాబట్టి ఈ కొత్త నొప్పిని చాలాకాలం గుర్తించనేలేదు. అనుభవమున్నవారు చెప్పగలరని మనవి.

పాలమూరు సిస్టర్:
తమ్ముడూ, ఇంటింటికీ తిరిగి ఇలాంటి రోగులను చూసే నర్సును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పికి మెట్ల పద్ధతిని (నొప్పి పెరిగేకొద్దీ మెట్టు మెట్టుగా బలమైన మందుకు వెళ్లడం) ప్రకటించినప్పుడే, మందును నోటి ద్వారా, గడియారం ప్రకారం ఇవ్వాలని చెప్పింది. ఈ బిళ్ల ప్రభావం సుమారు 4 గంటలే ఉంటుంది. నొప్పి వచ్చాక వేస్తే అది పనిచేసే దాకా మనిషి నరకం చూస్తాడు. వేళ మధ్యలో నొప్పి పొడుచుకొస్తే ఇవ్వవలసిన అదనపు మోతాదును, సాధారణంగా రోజు మొత్తంలో ఆరో వంతును, డాక్టరుతో ముందే రాయించుకుని, ఇచ్చినప్పుడల్లా నోటుబుక్కులో వేళతో సహా గుర్తుపెట్టండి. మార్ఫిన్ మోతాదుకు ఇంతకు మించరాదన్న స్థిరమైన హద్దు లేదు, నొప్పి పెరిగితే వైద్యులే పెంచుతారు. అమ్మగారి భయానికి ఇదే జవాబు. వికారం, మగత కొద్ది రోజుల్లో తగ్గుతాయి గానీ మలబద్ధకం తగ్గదు కనుక విరేచన మందు మొదటి రోజు నుంచే ఉండాలి.

ఇంకొక మాట. పదికి ఎంత నొప్పి అని అడిగితే మన పెద్దవాళ్లు బిత్తరపోతారు. పదహారణాల రూపాయిలో ఎన్ని అణాల నొప్పి అని అడిగి చూడండి, తడుముకోకుండా చెబుతారు.

దేవరకొండ కోడలు:
మా అత్తమ్మకు మార్ఫిన్‌తో పోటు తగ్గినా, చేతిలో మంట, కరెంటు షాకు కొట్టినట్టు గుంజడం తగ్గలేదు. అది నరాల నొప్పి అని చెప్పి, రాత్రిపూట అమిట్రిప్టిలిన్ చేర్చాకే నిద్రపోయింది. తర్వాత మింగలేని స్థితిలో 72 గంటలకొకసారి మార్చే ఫెంటానిల్ ప్యాచ్ (చర్మం గుండా మందు దిగే పట్టీ) అంటించారు. మే నెల, రేకుల ఇల్లు. పైగా భుజం నొస్తోందంటే నేనే తెలియక ప్యాచ్ మీద వేడినీళ్ల సంచి పెట్టాను. వేడికి మందు ఒంట్లోకి ఎక్కువగా దిగి, పిలిచినా పలకని మత్తులోకి జారుకుంది. సమయానికి ఆసుపత్రికి చేర్చగలిగాం కాబట్టి సరిపోయింది.

వనపర్తి మేనల్లుడు:
అడగడానికి మొహమాటపడే సంగతి ఒకటుంది: కల్లు. మా మామయ్యకు రోజూ సాయంత్రం రెండు సీసాల అలవాటు. మన వైపు కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ కలుపుతారని తెలిసినా, మేము పరువు పోతుందని డాక్టరుకు చెప్పలేదు. ఆ మత్తుమందు, మార్ఫిన్ కలిస్తే శ్వాస మందగిస్తుంది. అలాగని ఒక్కసారిగా కల్లు మాన్పిస్తే ఫిట్స్ రావచ్చు. మీ నాన్నగారికి ఆ అలవాటుంటే దాచకుండా చెప్పండి.

పాలమూరు సిస్టర్:
వనపర్తి తమ్ముడు మంచి విషయం ఎత్తాడు. వెన్నెముక అన్నారు కాబట్టి మరొకటి: కాళ్లలో బలం తగ్గినా, మూత్రం బిగుసుకుపోయినా అది ఫ్లోరైడ్ వల్లేనని ఊరుకోకుండా అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. ఎముక నొప్పికి ఒకే విడతలో ఇచ్చే రేడియేషన్ కూడా ఉపశమనమిస్తుంది, అడగండి. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు మార్ఫిన్ అనుమతులను సులభతరం చేసినా, వీధిలోని మందుల షాపులో అది దొరకదు. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లేవారు నాలుగు రోజుల బిళ్లలు మిగిలి ఉండగానే బయలుదేరడం మేలు.

మునుగోడు చిన్నకొడుకు:
అందరికీ కృతజ్ఞతలు. వారం నుంచి గడియారం ప్రకారమే ఇస్తున్నాం. పద్నాలుగు అణాలన్న నాన్న నిన్న నాలుగు అణాలన్నారు. అర్ధరాత్రి లేపనవసరం లేకుండా పడుకునే ముందు రెండు బిళ్లలు వేయమని డాక్టరు చెప్పారు. కల్లు సంగతి కూడా చెప్పేశాం. నాన్నకు కోపం వచ్చింది, ఒక పూట నాతో మాట్లాడలేదు.