మొరం గ్రౌండ్‌కీ టర్ఫ్‌కీ ఒకటే హాకీ స్టిక్: 3,500 లోపు షాఫ్ట్ ఆగేది ఏది?

బోయిన్‌పల్లి మామ:
మా అక్క కొడుక్కి 15 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, మిడ్‌ఫీల్డ్ ఆడతాడు. వారానికి నాలుగు రోజులు స్కూల్ మొరం గ్రౌండ్, ఆదివారం మాత్రం గచ్చిబౌలి టర్ఫ్. బడ్జెట్ 3,500. కోఠిలో ఒక షాపాయన 70 శాతం కార్బన్ తీసుకోండి, షాఫ్ట్ (స్టిక్ పొడుగు కాడ) విరగదు అన్నాడు. సికింద్రాబాద్‌లో ఇంకొకాయన విరిగేదే అది, ఫైబర్‌గ్లాస్ తీసుకోమన్నాడు. కోచ్ గారేమో చెక్కది చాలు అంటున్నారు. ఎవరి మాట వినాలి? ఇంకో సంగతి, మంచి షాఫ్ట్ ఒకటి కొనుక్కుని బ్లేడ్ మాత్రం మార్చుకుంటూ పోవచ్చని యూట్యూబ్‌లో చూశాను. అలాంటిది ఇక్కడ దొరుకుతుందా?

లేఅప్:
ఆఖరి ప్రశ్నతో మొదలుపెడతాను. మీరు చూసింది ఐస్ హాకీ వీడియో. అక్కడ షాఫ్ట్, బ్లేడ్ విడివిడిగా అమ్మే రకం ఉంటుంది. షాఫ్ట్ ఎంత వంగుతుందో చెప్పే ఫ్లెక్స్ నంబర్ కూడా 75, 85 అని వేస్తారు. మన ఫీల్డ్ హాకీలో పిడి నుంచి హుక్ (బంతి కొట్టే కింది వంకర భాగం) దాకా ఒకటే ముక్క. హుక్ పోతే స్టిక్కే పోయినట్టు.

మీ ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది. మొరం మీద ముందు పోయేది షాఫ్ట్ కాదు, హుక్ అడుగు. డ్రిబ్లింగ్‌లో, పుష్‌లో హుక్ కింది అంచు గ్రౌండ్‌ని రాసుకుంటూనే ఉంటుంది. తడి టర్ఫ్ మీద జారుతుంది కాబట్టి అరుగుదల తక్కువ. మొరం మాత్రం గరుకు కాగితమే. పైన పెయింట్ పోతుంది, దాని కింద రెసిన్ (నార పోగుల్ని పట్టి ఉంచే జిగురు) పోతుంది, ఆ తర్వాత నార పోగులు బయటపడతాయి. అక్కడి నుంచి లోపలి పొరలు తెరుచుకోవడానికి ఎన్నో రోజులు పట్టదు. అప్పటికి షాఫ్ట్ నిక్షేపంగా ఉన్నా లాభం లేదు.

షాఫ్ట్‌కి దెబ్బ తగిలే చోట్లు రెండు. ఒకటి ట్యాకిల్‌లో అవతలి స్టిక్ అంచు మీద పడేది. రెండోది, స్టిక్‌ని నేల మీద పడుకోబెట్టి బ్లాక్ చేసినప్పుడు హుక్ పైన జానెడు మేర అంచు రాళ్ల మీద ఈడ్చుకుపోవడం. అలా పడిన చిన్న నొక్కే తర్వాత గట్టి హిట్ కొట్టినప్పుడు బీటగా పాకుతుంది. హిట్ కొడుతుంటే విరిగిందంటే ఆ హిట్ వల్ల విరిగిందని కాదు. రెండు వారాల కిందటి ట్యాకిల్ అప్పుడు లెక్క తేల్చుకుంటుంది.

డ్రాగ్‌ఫ్లిక్ 9:
అన్నా, అయితే కార్బన్ ఎక్కువుంటే అంచు గట్టిగా ఉంటుంది కదా? ఫైబర్‌గ్లాస్ స్టిక్ కొన్నాళ్లకి మెత్తబడిపోతుంది. బాల్ తగిలితే 'టక్' అనాల్సింది 'తుప్' అంటుంది. విరక్కపోయినా అది ఆడటానికి పనికిరాని స్టిక్కే.

లేఅప్:
గట్టిదనం వేరు, దెబ్బకి ఆగడం వేరు. మామూలు కార్బన్ నార బిగువు 230 గిగాపాస్కల్స్, స్టిక్కుల్లో వాడే ఈ-గ్లాస్ నారది 72 దాకా. అంటే కార్బన్ మూడు రెట్లు బిగువు, అందుకే హిట్‌లో బలం వృథా కాదు. కానీ కార్బన్ నార తన పొడవులో ఒకటిన్నర, రెండు శాతం సాగేసరికి తెగుతుంది. గ్లాస్ నార నాలుగున్నర దాకా సాగుతుంది. ఎముక మీద ఎముక తగిలినట్టు అంచు మీద అంచు పడ్డప్పుడు ఆ సాగే గుణమే కాపాడుతుంది. కొన్నిటిలో అరామిడ్ (కెవ్లార్ రకం నార) కూడా కలుపుతారు. అది బీటని పాకనివ్వదు, చేతికొచ్చే జలదరింపు తగ్గిస్తుంది.

మెత్తబడుతుందన్న మాట మాత్రం నిజమే. వేల దెబ్బలకి రెసిన్‌లో కంటికి కనపడని నెర్రెలు పడతాయి, బిగువు తగ్గుతుంది. గ్లాస్ ఎక్కువున్న స్టిక్‌లో అది ముందే తెలుస్తుంది. 15 ఏళ్ల మిడ్‌ఫీల్డర్‌కి ఆ తేడా ఆటలో అడ్డం పడదు. పెనాల్టీ కార్నర్ కొట్టేవాడికి పడుతుంది, నీ బాధ నాకర్థమైంది.

ఇంకొకటి. 'కార్బన్ ఇంత శాతం' అన్న లెక్కకి అన్ని కంపెనీలూ పాటించే కొలమానం లేదు. ఒకరి 50, ఇంకొకరి 50 ఒకటే కావు. గోడ మందం ఎంత, పొరలు ఏ కోణాల్లో వేశారు అన్న దాని మీదే షాఫ్ట్ బతుకు ఉంటుంది, ఆ సంగతి స్టిక్కర్ మీద రాయరు. 3,500 లోపు 70 శాతం అని కనపడితే నేనైతే సంతోషపడను, గోడ ఎక్కడ పలచన చేశారా అని వెతుకుతాను.

కట్టె స్టిక్:
గింత లెక్క ఎందుకన్నా? వారంల నాలుగు రోజులు మొరం అంటున్నడు. మొరం మీద కాంపోజిట్ (గీ కార్బన్, గ్లాస్ నార స్టిక్కు) పెట్టుడంటే పట్టుచీర కట్టుకొని వరినాటుకు పోవుడే. జలంధర్ మల్బరీ చెక్క స్టిక్ ఏడెనిమిది వందలకు వస్తది. మూడున్నర వేలల్ల నాలుగు కొనొచ్చు. అరిగితే గరుకు కాగితం పట్టి నూనె రాస్తే మళ్ల నడుస్తది. చెక్క పగిలితే పైకే కనిపిస్తది. కాంపోజిట్ లోపల పగిలి పైకి నవ్వుకుంట ఉంటది.

కొనేటప్పుడు ఒక్కటి చూస్కోవాలె. హుక్ దగ్గర చెక్క గీతలు వంపుతోని పాటే తిరగాలె. ఆవిరి పట్టి వంచిన చెక్కల గట్లనే ఉంటయ్. వంపుల గీతలు అంచు దిక్కు అడ్డం తెగిపోతున్నయంటే ఆడనే చీలుతది. ముడి ఉన్నది పక్కన పెట్టాలె. పిడి బెత్తంది, అది చెక్కల దిగే అతుకు మీద గోరు నడిపించి చూడు. గోరు ఇరుక్కుంటే వద్దు.

లేఅప్:
మొరం నాలుగు రోజులకి చెక్కదే సరి, ఒప్పుకుంటున్నాను. గీతల సంగతి కూడా చక్కగా చెప్పారు. కానీ ఆదివారం మాటేమిటి? తడి టర్ఫ్ మీద చెక్క నీళ్లు పీలుస్తుంది, ఎండలో ఆరుతుంది, మళ్లీ పీలుస్తుంది. అతుకులో జిగురు వదులయ్యేది అందుకే. పైగా టర్ఫ్ మీద బంతి వేగం వేరు, చెక్కతో ఆపి చెక్కతో కొట్టే పిల్లవాడు ఆ ఒక్కరోజూ వెనకబడతాడు.

కట్టె స్టిక్:
అవిసె నూనె పలచగ ఒక్క పూత, రాత్రంత ఆరనియ్యాలె, పొద్దుగాల బట్టతోని తుడవాలె. టర్ఫ్‌కు పోయే ముందు గట్ల చేస్తే నీళ్లు గంత పీల్వదు. అతుకు మీద, గ్రిప్ కింద మాత్రం నూనె తగలనియ్యొద్దు. జిగురు ఊడేది సగం నూనెతోనే. వేగం ముచ్చట నువ్వన్నదే కరెక్టు, దానికి నా దగ్గర జవాబు లేదు.

సీటీ చేతిలో:
అంపైరింగ్ వైపు నుంచి నాలుగు ముక్కలు. ఇవి తెలియక పిల్లలు మ్యాచ్ రోజున స్టిక్ పక్కన పెట్టాల్సి వస్తోంది.

అంతర్జాతీయ హాకీ సమాఖ్య (ఎఫ్ఐహెచ్) రూల్స్ ప్రకారం స్టిక్ బరువు 737 గ్రాములు, పొడవు 105 సెంటీమీటర్లు దాటకూడదు. షాపులో దొరికేవి 530, 560 గ్రాముల మధ్యే ఉంటాయి కాబట్టి ఈ రెండింటితో పేచీ రాదు. పేచీ వచ్చేది రింగ్ దగ్గర, బో (స్టిక్ పొడవునా ఉండే వంపు) దగ్గర. చుట్టిన టేపుతో సహా స్టిక్ మొత్తం 51 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న రింగ్‌లోంచి దూరాలి. హుక్ అరగకూడదని టేపు మీద టేపు నాలుగు చుట్లు వేస్తారు చూడండి, అక్కడ ఇరుక్కుంటుంది. ఇంట్లో రింగ్ లేకపోతే 2-0 సైజు మెటల్ గాజు తీసుకోండి. దాని లోపలి వ్యాసం రెండంగుళాలు, అంటే 50.8 మిల్లీమీటర్లు. అందులోంచి దూరితే బేఫికర్. మట్టిగాజుతో ప్రయత్నించి ఇంట్లో తిట్లు తినకండి.

బో 25 మిల్లీమీటర్లు మించకూడదు. స్టిక్‌ని ఆడే ముఖం కిందికి ఉండేలా గ్రానైట్ బండ మీద పెట్టండి. మధ్యలో లేచిన సందులో పది రూపాయల బిళ్లని నిలబెట్టి దొర్లించండి. ఆ బిళ్ల వ్యాసం 27. అది అవతలికి పోయిందంటే స్టిక్ చెల్లదు. పేరు లేని చవక స్టిక్కులకి ఈ పరీక్ష తప్పనిసరి.

టేపు, రెసిన్ వాడటం తప్పు కాదు, పైభాగం నున్నగా ఉండాలి. పోగులు లేచి ఉంటే నేను ఆడనివ్వను. ఎదుటివాడి వేళ్లు చీరుకుపోతాయి.

డ్రాగ్‌ఫ్లిక్ 9:
సెకండ్ హ్యాండ్ గురించి ఎవరూ మాట్లాడరేం? సీనియర్లు ఏడాది వాడిన 90 శాతం కార్బన్ స్టిక్ 3,500కి ఇచ్చేస్తారు. కొత్తది పదివేల పైన. హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ తూఫాన్స్ ఆట చూసినవాడు ఎవడైనా ఫైబర్‌గ్లాస్ పట్టుకుంటాడా?

లేఅప్:
తూఫాన్స్ ఆటగాడి కిట్‌లో ఒకటి విరిగితే ఇంకోటి ఉంటుంది తమ్ముడూ. ఈ అబ్బాయికి ఉండేది ఒక్కటే. వాడిన కార్బన్ స్టిక్ కొనడమంటే మనకి కనపడని దెబ్బల చరిత్ర కొనడం. అయినా కొంటానంటే ఇలా చూడు.

గ్రిప్ విప్పించు. విప్పనివ్వకపోతే బేరం అక్కడితో సరి. చాలా బీటలు గ్రిప్ కింది చివర దగ్గరే దాక్కుంటాయి, కింది చెయ్యి పట్టే చోట వంపు బలం ఎక్కువ పడుతుంది కాబట్టి. తర్వాత రూపాయి బిళ్లతో పై నుంచి కింది దాకా అంగుళం అంగుళానికి తట్టు, రెండు అంచుల మీదా, వెనక వైపూ. అంతటా 'టిక్ టిక్' అని ఒకే మోత రావాలి. ఎక్కడైనా 'డొబ్' అని మూగబోయిందంటే అక్కడ పొరలు విడిపోయాయి. హుక్ దగ్గర మోత మారుతుంది, అది సహజం, లోపల నిండుగా ఉంటుంది. ఆఖరున పిడి ఒక చేత్తో, హుక్ ఒక చేత్తో పట్టుకుని చెవి దగ్గర మెల్లగా మెలిపెట్టు. కిర్రుమంటే వదిలెయ్. ఊపితే లోపల ఏదో గలగలమంటే మాత్రం భయపడక్కర్లేదు, తయారీలో మిగిలిన రెసిన్ ముక్కో ఫోమ్ ముక్కో అయ్యుంటుంది.

పెయింట్ మీద వెంట్రుకలాంటి గీత ఉందనుకో, గోరుతో గీకు. గోరు జారిపోతే పెయింట్ బీట. గోరు పట్టుకుంటే షాఫ్ట్ బీట.

బోయిన్‌పల్లి మామ:
చాలా సంగతులు తెలిశాయి. అయితే చెక్కది ఒకటి మొరానికి, కాంపోజిట్ ఒకటి టర్ఫ్‌కి, ఇలా రెండు పెట్టుకుంటే 3,500లో సరిపోతుందా? లేక రెండిటి మధ్య పిల్లవాడి చెయ్యి తడబడుతుందా?

లేఅప్:
సరిపోతుంది. అదే దారి. చెక్కది 800, 20 నుంచి 30 శాతం కార్బన్, మిగతాది గ్లాస్ ఉన్న కాంపోజిట్ 2,500 చుట్టూ, మిగిలినది గ్రిప్‌కీ టేపుకీ. రెండూ 36.5 అంగుళాలే తీసుకోండి, ఆ ఎత్తుకి అది సరిపోతుంది. కాంపోజిట్ మిడ్ బో ఉండాలి, అంటే వంపు మధ్యలో ఎక్కువుండేది. వంపు హుక్ వైపుకి దిగిన లో బో డ్రాగ్ ఫ్లిక్ (బంతిని ఈడ్చి విసరడం) కోసం, ఎగుడుదిగుడు బంతిని ఆపడానికి కాదు. చెయ్యి తడబడేది పదార్థం వల్ల కన్నా బరువు ఎక్కడ ఆగుతుందన్న దాని వల్ల. షాపులో రెండిటినీ చూపుడువేలి మీద అడ్డంగా నిలబెట్టి, తూకం కుదిరే చోటు పెన్నుతో గుర్తు పెట్టండి. రెండు గుర్తుల మధ్య రెండు వేళ్ల కన్నా ఎక్కువ ఎడం ఉంటే వేరే జత చూడండి.

కట్టె స్టిక్:
గిది ముందే చెప్పుంటే నేను ఇంత రాయకపోదును.

డ్రాగ్‌ఫ్లిక్ 9:
నేను ఒప్పుకోను. ఇంకో రెండేళ్లలో వాడే వచ్చి 90 శాతం అడుగుతాడు.

లేఅప్:
అప్పుడు అడగనీ. ఈలోపు కాంపోజిట్ హుక్ అడుగు అరిగితే ఏం చెయ్యాలో చెప్తాను, ఇది అందరికీ పనికొస్తుంది. పెయింట్ పోయి బూడిద రంగు కనపడగానే మొదలుపెట్టాలి, పోగులు లేచేదాకా ఆగొద్దు. సబ్బునీళ్లతో కడిగి ఒక రోజు నీడలో ఆరబెట్టండి. లేచిన పోగుల్ని బ్లేడుతో కోసెయ్యండి, లాగితే పొర మొత్తం వస్తుంది. 80 నంబర్ గరుకు కాగితాన్ని తడిపి రుద్దండి. పొడిగా రుద్దితే గ్లాస్ ధూళి చర్మాన్ని దురద పెడుతుంది, ఊపిరిలోకి పోతే ఇంకా చెడ్డది, మాస్క్ ఉండాల్సిందే. మళ్లీ ఆరాక అరాల్డైట్ రెసిన్, హార్డెనర్ సమానంగా కలిపి పలచగా పట్టించండి. త్వరగా గట్టిపడే రకం వద్దు, దానికి అంత బలం ఉండదు. మామూలుది పూసి ఒక రోజు కదపకుండా వదిలేసి, 220 నంబర్‌తో నున్నగా చేసి, పైన ఒకే ఒక్క చుట్టు టేపు.

ఇది హుక్‌కే. షాఫ్ట్‌లో బీట పడితే అరాల్డైట్ పూసి ఆడకండి. పైపూతకి వంపు బలాన్ని మోసే శక్తి లేదు, హిట్ మధ్యలో ముక్క ఊడి ఎగురుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో స్టిక్‌ని కారు డిక్కీలో వదిలెయ్యకండి. ఆ వేడికి రెసిన్ మెత్తబడుతుంది.

సీటీ చేతిలో:
టేపు చుట్టాక గాజు పరీక్ష ఇంకోసారి.

బోయిన్‌పల్లి మామ:
శనివారం కోఠి వెళ్తున్నాం. పది రూపాయల బిళ్ల, రూపాయి బిళ్ల, పెన్ను జేబులో వేసుకున్నాను. గాజు మా చెల్లి కూతుర్ని అడగాలి.